పెన్సిల్ గీత ఆగిన చోట

కాఫీ మెషిన్ అడుగు పళ్ళెంలో నిన్నటి నల్లనీళ్ళు నిలిచి ఉన్నాయి. కనకమ్మ దాన్ని రెండు చేతులతో లాగి, ఒలకకుండా సింకు దాకా మోసుకెళ్ళి వంపింది. పీచుతో అంచులు రుద్దింది. పాల గొట్టంలోకి వేడినీళ్ళు వదిలి, అవి ముందు తెల్లగా, తర్వాత పలచగా, చివరికి మామూలు నీళ్ళలా వచ్చేదాకా చూస్తూ నిలబడింది. రోజూ చేసే పనే. పళ్ళేన్ని మళ్ళీ గాడిలోకి తోస్తున్నప్పుడు మాత్రం ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా లాగింది. చెయ్యి ఒకసారి దులుపుకుని, మళ్ళీ పట్టి తోసింది.

మాదాపూర్‌లో అద్దాల మేడ అది. పై అంతస్తుల్లో ఒకదానిలో, బారులు తీరిన కంప్యూటర్ల చివర ఆమె పాంట్రీ. ఉద్యోగులు రాకముందే కప్పులు బోర్లించాలి, టీ పొట్లాలు, చక్కెర పొట్లాలు డబ్బాల్లో సర్దాలి, ఫ్రిజ్‌లో పాడైన డబ్బాలు ఏరి పారెయ్యాలి. కనకమ్మ పొట్టి మనిషి. ఏజెన్సీ వాళ్ళిచ్చిన నీలం కోటు చీర మీద తొడుక్కుంటే మోకాళ్ళ దాకా వస్తుంది. పై గుండీ ఎప్పుడో ఊడిపోయింది, దాని చోట పిన్నీసు. నీళ్ళలో నానీ నానీ వేళ్ళ కొసలు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి. పాపిడికి రెండు పక్కలా జుట్టు తెల్లబడింది కానీ, రంగు వేసుకోవాలన్న ఆలోచన ఆమెకు ఎన్నడూ రాలేదు. ఆ అంతస్తులో ఆమె పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ ఆంటీయే.

కిటికీలోంచి కింద పచ్చిక మధ్యలో ఒక పెద్ద బండ కనిపిస్తుంది. మేడ కట్టినవాళ్ళు చుట్టుపక్కల గుట్టలన్నీ పేల్చి, అందానికని దాన్నొక్కదాన్ని వదిలేశారు. దాని చుట్టూ లైట్లు పెట్టారు. కనకమ్మ తల్లిగారి ఊరు అక్కడికి దగ్గరే. ఇలాంటి బండల మధ్యే ఆమె తల్లి సీతాఫలాలు కోసి, గంపలో పెట్టుకుని అమ్మడానికి పోయేది.

రాత్రి నుంచి ఛాతీ మీద తడి గోనెసంచి పరిచినట్టుగా ఉంది. పడుకుంటే బరువు, లేస్తే కొంచెం తేలిక. గ్యాసని వాము నమిలింది, వేడినీళ్ళు తాగింది. పొద్దున వంట చేస్తున్నప్పుడు దవడ కూడా సలపడం మొదలుపెట్టింది. పెంటయ్యతో చెప్పలేదు. చెబితే ఆపేస్తాడేమోనని భయం.

పెంటయ్య ఆమె పెనిమిటి. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఇన్నేళ్ళూ ఇనుము కోసే చప్పుడు విని విని చెవులు మందగించాయి. అరిచి చెప్పేంత ముఖ్యమైనవి ఇంట్లో ఏముంటాయి? అందుకని మాటలు తక్కువ. పొద్దున టిఫిన్ డబ్బా అందుకుంటూ గడప దగ్గర ఆగాడు.

"ఇయ్యాల్నే గదా?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

"సెంటర్ ఏడ పడ్డది?"

"బాచుపల్లిల. ఆడ కాలేజీల."

"అయిపోయినంక ఆడనే కూసో. నేనొచ్చి తీస్కపోత."

ఆమె చదువు గురించి ఆయన నోరు విప్పడం అదే మొదలు. ఇన్నేళ్ళలో వద్దనలేదు, మంచిదనీ అనలేదు. ఆమె పుస్తకం ముందేసుకుని కూర్చుంటే తన కంచం తానే కడుక్కుని బయట అరుగు మీదికి పోయి కూర్చునేవాడు.

పది కావస్తుండగా సూపర్‌వైజర్ స్వామి పాంట్రీలోకి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, చేతిలో వాకీటాకీ ఎప్పుడూ గరగరమంటూ ఉంటుంది. క్లయింట్లు వస్తున్నారని, పెద్ద మీటింగు గదిలో భోజనాలని, ఇవాళ సగం రోజు సెలవు కుదరదని నిలబడే చెప్పేశాడు. కనకమ్మ వారం కిందటే అడిగింది. అప్పుడు సరేనన్నాడు. ఆ సంగతి ఆమె గుర్తుచేయలేదు. చేతిలో గుడ్డ మడిచి గట్టు మీద పెట్టి, తల వంచుకుని నిలబడింది.

"పరీక్ష ఉన్నది సార్," అంది.

"ఏం పరీక్ష? టెన్తా?"

"ఎమ్మే సార్. హిస్టరీ."

స్వామి నవ్వబోయి ఆగాడు. ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖం చూడటం బహుశా అదే మొదటిసారి. వాకీటాకీలో ఎవరో పిలుస్తున్నారు, పలకలేదు.

"నేను డిగ్రీ రెండో ఏడాదిల ఇడిచిపెట్టిన," అన్నాడు ఎందుకో. వాకీటాకీ నొక్కి ఆపి, "ప్లేట్లు, గ్లాసులు అన్ని సర్ది పో. ఎవరన్న అడిగితె కింద స్టోర్ల ఉన్నదని చెప్త," అని వెళ్ళిపోయాడు.

మీటింగు గదిలో బల్ల పొడవునా తెల్లగుడ్డ పరిచి, గ్లాసులు వరసలో పెడుతుంటే ఆమెకు చెమటలు పట్టాయి. బయట మే నెల ఎండ. లోపల చలి పుట్టించే ఏసీ. కోటు వీపుకు అంటుకుపోయింది. గ్లాసులు అద్దంలో చూసినట్టు రెండేసి కనిపించాయి. ఒక కుర్చీ పట్టుకుని, కళ్ళు మూసుకుని, బుజ్జిని తలుచుకుంది. ఒంట్లో బాగాలేనప్పుడు ఆమెకు అది అలవాటు.

బుజ్జి బడిపేరు రోహిణి. ఒక్కతే బిడ్డ. డిగ్రీ అయ్యాక తానే ప్రవేశపరీక్ష రాసి ఎం.ఏ. చరిత్రలో సీటు తెచ్చుకుంది. చుట్టాలంతా కంప్యూటర్ కోర్సు చేయించమన్నారు. అమీర్‌పేటలో ఆరునెలలు నేర్చుకుంటే ఏదో ఒక కంపెనీలో కుర్చీ దొరుకుతుందన్నారు. పెంటయ్య మాత్రం చదవనీయమన్నాడు. ఆ పిల్ల పొద్దునే బస్సెక్కి పోయేది, సాయంత్రం ముఖమంతా వెలుగుతో వచ్చేది. అన్నం తింటూ కూడా పుస్తకం చూసేది. చదువుతూ చదువుతూ తనలో తాను నవ్వుకునేది. ఏం నవ్వు అని అడిగితే, "నీకు చెప్తె అర్థం కాదమ్మా," అనేది. కోపంతో కాదు, ముద్దుగానే.

మొదటి ఏడాది పరీక్షలకు ముందు, వానాకాలంలో, జ్వరం వచ్చింది. డెంగ్యూ అన్నారు. ఒక దవాఖానలో పడకలు లేవని ఇంకో దవాఖానకు తీసుకెళ్ళారు. అక్కడ రక్తం దొరకడానికి ఆలస్యమైంది. చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతుంటే కనకమ్మ కొంగుతో తుడుస్తూ కూర్చుంది. తెల్లవారకముందే అయిపోయింది. మామూలు జ్వరంతో ఇంట్లోంచి నడుచుకుంటూ ఆటో ఎక్కిన పిల్ల.

పుస్తకాలు బీరువా మీద అలాగే ఉండిపోయాయి. ఏడాది పాటు ఎవరూ ముట్టుకోలేదు. ఒక ఆదివారం దుమ్ము దులుపుతూ కనకమ్మ ఒక లావుపాటి పుస్తకం తెరిచింది. లోపల పెన్సిల్ గీతలు. కొన్ని వాక్యాల కింద ఒక గీత, కొన్నింటి కింద రెండు. ఒకచోట పక్కన చిన్న అక్షరాలతో 'నిజమా?' అని రాసి ఉంది. కనకమ్మ ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టుకుని ఆ వాక్యం చదివింది. అర్థం కాలేదు. మళ్ళీ చదివింది. బిడ్డ ఎవరిని అడిగింది, ఏం నిజమా అని అడిగింది, అది తెలుసుకోవాలనిపించింది. ఆ రోజు కూర కూడా మాడిపోయింది.

బడిచదువు లేనివాళ్ళు కూడా పరీక్ష రాసి దూరవిద్యలో డిగ్రీలో చేరవచ్చని బస్సులో పక్కన కూర్చున్న ఒక టీచరమ్మ చెప్పింది. అక్కడి నుంచి మొదలు. పాంట్రీలో ఫ్రిజ్ వెనక బకెట్ బోర్లించుకుని, మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడు చదివింది. బస్సులో నిలబడి చదివింది. తెలివైన విద్యార్థి ఏమీ కాదు. పదిసార్లు చదివితే ఒకసారి గుర్తుండేది. ఒక రాజు చేసిన పని ఇంకో రాజుకు అంటగట్టేది. అయినా ఏళ్ళు పట్టి, గట్టెక్కేటంత మార్కులతో బి.ఎ. పూర్తిచేసింది. తర్వాత బుజ్జి చదివిన చదువులోనే చేరింది, ఎం.ఏ. చరిత్రలో.

అన్నీ ఎలాగో దాటింది. చరిత్ర రచనా పద్ధతులు అనే పేపరు ఒక్కటే ఉండిపోయింది. అది పెన్సిల్ గీతలున్న ఆ లావు పుస్తకం పేపరే. రెండుసార్లు తప్పింది. ఎందుకు తప్పిందో ఆమెకు తెలుసు. పుస్తకం సగానికి వచ్చేసరికి ఒక పేజీలో, వాక్యం మధ్యలో, పెన్సిల్ గీత ఆగిపోయింది. బుజ్జికి ఆ సాయంత్రం తలనొప్పి మొదలై ఉంటుంది, పుస్తకం మూసి పడుకుని ఉంటుంది. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. అక్కడి దాకా వచ్చి కనకమ్మ ప్రతిసారీ పుస్తకం మూసేసేది. ఆ తెల్లపేజీల్లోకి పోవడానికి మనసు ఒప్పేది కాదు. పోతే బిడ్డను అక్కడే వదిలేసి తానొక్కతే ముందుకు నడిచినట్టుండేది. ప్రశ్నలేమో సగం అక్కడి నుంచే వచ్చేవి.

కోర్సు గడువు ఈ ఏటితో తీరిపోతుందని ఉత్తరం వచ్చాక, ఉగాది దాటిన ఒక తెల్లవారుజామున ఆమె పెన్సిల్ చెక్కుకుని కూర్చుంది. గీత ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ మొన ఆనించి, మిగిలిన సగం వాక్యం కింద గీత లాగింది. బుజ్జి గీత సన్నగా, తిన్నగా ఉంది. ఆమెది వణికింది. తర్వాత పేజీ తిప్పింది.

గ్లాసులు సర్దడం అయ్యాక కనకమ్మ బాత్‌రూమ్‌కు వెళ్ళి వాంతి చేసుకుంది. ముఖం కడుక్కుని, గోళీ అడుగుదామని కింది అంతస్తులో ఉన్న మెడికల్ రూమ్‌కు దిగింది. నర్సు రమ్యది కడప వైపు. పాతికేళ్ళు నిండని పిల్ల, మాట చురుకు, చెయ్యి మెత్తన. గ్యాస్ గోళీ అడిగిన కనకమ్మను ముందు కూర్చోబెట్టి చెయ్యి పట్టి చూసింది, బీపీ చూసింది. రెండోసారి కూడా చూసింది. ఎప్పట్నుంచి ఉందని, చెయ్యి లాగుతోందా, దవడ నొప్పా అని అడిగింది. కనకమ్మ అన్నింటికీ ఔనని, గ్యాసేనని చెప్పింది.

"ఇది గ్యాస్ మాదిరి లేదక్కా. గుండె పరీక్ష చేపియ్యాల. కింద అంబులెన్స్ ఉండాది, ఇప్పుడే పోదాం రా."

"సాయంత్రం పోత బిడ్డా."

"సాయంత్రం దాకా ఆగేది కాదు. నా మాట విను."

"పరీక్ష ఉన్నది. ఇది తప్పితే ఇగ రాయనియ్యరు."

రమ్యకు కోపం వచ్చింది. స్వామికి ఫోన్ చేస్తానని రిసీవరు ఎత్తింది. కనకమ్మ లేచి ఆ చేతి మీద చెయ్యి వేసింది. గుండెజబ్బని తెలిస్తే ఏజెన్సీ వాళ్ళు పనిలో ఉంచరని మెల్లగా చెప్పింది. ఆ పిల్ల రిసీవరు పెట్టేసి, నెత్తి పట్టుకుని కూర్చుంది.

"ఈ వయసులో నీకెందుకక్కా ఈ పరీక్షలు?"

కనకమ్మ బీపీ పట్టీ కోసం పైకి మడిచిన జాకెట్టు చెయ్యి నెమ్మదిగా కిందికి లాక్కుంది.

"మా బిడ్డ చదువు ఇది. సగంల పోయింది. నేను అయిపోగొడుతున్న," అంది.

రమ్య ఒక మాత్ర ఇచ్చి నమిలి మింగమంది. పరీక్ష అవుతూనే నేరుగా దవాఖానకు పోతానని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఫోన్ నంబరు రాసుకుని, సాయంత్రం తానే చేస్తానంది. గేటు దాకా వచ్చి ఆటో పిలుస్తానంటే కనకమ్మ వద్దంది. బస్సు ఉందని, కూర్చుంటే తగ్గుతుందని చెప్పింది. మాత్రతో నిజంగానే కొంచెం తగ్గినట్టు అనిపించింది.

బస్సులో ఆడవాళ్ళ సీటు దొరికింది. సైబర్ టవర్స్ దాటి, ఫ్లైఓవర్ కింద ఇరుక్కుని, జేఎన్టీయూ దగ్గర మళ్ళీ ఇరుక్కుని బస్సు నడిచింది. కిటికీ ఊచ కాలుతోంది. ఆమె లావు పుస్తకం ఒళ్ళో తెరిచింది కానీ అక్షరాలు నిలవలేదు. పేజీలు ఊరికే తిప్పింది. ముందు సన్నగీతలు, వెనక వణికిన గీతలు. తన గీతల పక్కన ఎక్కడా ప్రశ్నలు లేవు. బుజ్జి అయితే ఇక్కడ ఏం అడిగి ఉండేదో అనుకుంది. నిజాంపేట దాటాక దారికి రెండు పక్కలా కాలేజీల బోర్డులు, ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు. కొందరు బుజ్జిలాగే రెండు జడలు వేసుకుని ఉన్నారు.

పరీక్ష గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి తగలడం లేదు. సంచులు, ఫోన్లు బయట వరండాలో పెట్టమన్నారు. కనకమ్మ పక్క బల్లలో ఒక పోలీసు కానిస్టేబులు, ముందు బల్లలో చంటిపిల్లను అమ్మకు అప్పజెప్పి వచ్చిన ఒక అమ్మాయి. ప్రశ్నపత్రం చేతికి రాగానే ఎప్పటిలాగే వేలు పెట్టుకుని మొత్తం ఒకసారి చదువుకుంది. మొదటి రెండు ప్రశ్నలకు బట్టీపట్టినవి రాసింది. మధ్యలో రెండు వాక్యాలు మరిచిపోయింది, ఆ చోటు ఖాళీగా వదిలి ముందుకు పోయింది. ఎడమ చెయ్యి బల్ల మీద రాయిలా పడి ఉంది. దాన్ని కదపకుండా కాగితం కుడిచేతితోనే సర్దుకుంది.

మూడో ప్రశ్న తెల్లపేజీల్లోది. చరిత్ర రచనలో మౌఖిక ఆధారాల ప్రాధాన్యం వివరింపుము. మౌఖిక ఆధారాలంటే నోటిమాటగా చెప్పినవి. పుస్తకంలో దాని నిర్వచనం పదేపదే చదివింది. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తురాలేదు. కలం పట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది.

అప్పుడు తల్లి గుర్తొచ్చింది. తల్లి బతికుండగా, సెలవు రోజుల్లో, బుజ్జి అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అదేపనిగా ప్రశ్నలు అడిగేది. ఈ గుట్టల మీద మొదలు ఎవరుండేటోళ్ళు? కరువొచ్చినప్పుడు ఏం తిన్నరు? గంప నెత్తిన పెట్టుకుని ఏ బాటన పోయేటోళ్ళు? ముసలమ్మ పళ్ళు లేని నోటితో చెప్పేది. బుజ్జి మళ్ళీ అడిగేది, ఎవరు చెప్పిండ్రు, నువ్వు చూసినవా, విన్నవా? పనీపాటా లేని ముచ్చట్లు అనుకుంది కనకమ్మ అప్పట్లో. ఇద్దరి ముందూ చాయ్ పెట్టి తన పని చూసుకునేది.

ఆ పిల్ల చేస్తున్నది ఇదేనన్నమాట. ఈ పేజీ దాకా చదవకుండానే చేసింది.

కనకమ్మ వంగి రాయడం మొదలుపెట్టింది. పుస్తకంలోని మాటలు కావు. గుట్టల మీద సీతాఫలాలు కోసిన ఆడవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ లేవని రాసింది. బండలు పోయాయి కాబట్టి ఆ బాటలు కూడా ఇప్పుడు కనబడవని, నడిచినవాళ్ళను అడిగితేనే తెలుస్తాయని రాసింది. తర్వాత కలం కాసేపు ఆగింది. ఒక మనిషి గురించి కాగితాల్లో ఉండేది పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమేనని, నడుమ ఉన్నదంతా చూసినవాళ్ళ దగ్గర ఉంటుందని, చూసినవాళ్ళు పోతే అది కూడా పోతుందని, అందుకే వాళ్ళుండగానే పోయి అడిగి రాసుకోవాలని రాసింది. అక్షరాలు పెద్దవై, వరసలు కిందికి జారాయి. గంట కొట్టేసరికి ఇంకా రాస్తూనే ఉంది. కాగితాలు తీసుకోవడానికి వచ్చిన మేడమ్ ఆమె చెమటలు చూసి నీళ్ళు కావాలా అని అడిగింది. కనకమ్మ వద్దని తల ఊపి, దారం ముడి వేసి ఇచ్చింది.

బయట ముందు బల్ల అమ్మాయి ఎలా రాశావని అడిగింది. ఈసారి రాసిన అని చెప్పి కనకమ్మ నవ్వింది. అందరూ గేటు వైపు వెళ్ళిపోయారు. ఆమె సంచి తెచ్చుకుని, ఫోన్ ఆన్ చేసి, వరండా మెట్టు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నీడ బాగుంది. గోనెసంచి మళ్ళీ ఛాతీ మీద పరుచుకుంది. ఈసారి రెండు సంచులంత బరువుగా. లేచి ఆటో ఎక్కి దవాఖానకు పోదామనుకుంది. పెంటయ్య వస్తానన్నాడు కదా, ఆయన వచ్చాక పోదామనుకుంది. బుజ్జి అమ్మమ్మను ఏమేం అడిగేదో అవన్నీ ఆయనకు చెప్పాలి. ఆయనకు అసలు తెలియదు. గట్టిగా అరిచి చెప్పాలి. గేటు వైపు చూస్తూ తల స్తంభానికి ఆనించింది.

పెంటయ్య పనిలోంచి ముందే బయటపడ్డాడు. మోపెడ్ గేటు బయట ఆపి, ఎదురు కొట్లో చల్లటి మజ్జిగ ప్యాకెట్లు రెండు కొన్నాడు. లోపలికి వస్తూనే ఆమెను చూశాడు. కళ్ళు మూసుకుని ఉంది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె పగటిపూట నిద్రపోవడం ఆయన చూడలేదు. చెప్పుల చప్పుడు కాకుండా నడిచి వచ్చి, కొంచెం ఎడంగా అదే మెట్టు మీద కూర్చున్నాడు. లేపబుద్ధి కాలేదు. ఒక ప్యాకెట్ ఆమె పక్కన పెట్టి, రెండోదాని మూల పంటితో కొరికి తాగాడు. చేతులకు ఇంకా ఇనుప వాసన ఉంది, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆమె ఒళ్ళో ప్రశ్నపత్రం మడిచి ఉంది. ముఖం ప్రశాంతంగా ఉంది. బాగానే రాసినట్టుంది అనుకున్నాడు. నిద్ర లేచాక బండి మీద మెల్లగా పోవచ్చు, ఎండ కూడా తగ్గుతుంది. ఆవరణలో ఎవరూ లేరు. చెట్టు కింద ఒక కుక్క నేల తవ్వుకుని చల్లటి మట్టిలో పడుకుంది.

అలా చాలాసేపు కూర్చున్నాడు.

ఆమె ఒళ్ళో ఫోన్ మోగింది. ఆయనకు చప్పుడు సరిగా వినబడలేదు. తెర వెలగడం చూసి, ఎక్కడ మేలుకుంటుందోనని గబుక్కున తీసుకున్నాడు. తెలియని నంబరు. బాగా వినిపించే చెవికి ఆనించుకున్నాడు.

"అక్కా, రమ్యను. ఆసుపత్రికి పోయినావా? నొప్పి ఎట్లుండాది?"

"ఏం నొప్పమ్మా?" అన్నాడు పెంటయ్య గొంతు తగ్గించి.

అటువైపు ఆ పిల్ల గబగబా ఏదో చెప్పింది. గుండె అన్నది ఒక్కటే ఆయన చెవిన పడింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆయన పక్కకు తిరిగాడు. చెయ్యి చాచి, చాలా ఏళ్ళ తర్వాత, ఆమె చెంప ముట్టుకున్నాడు.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. గదిలో నీళ్ళు కావాలా అని అడిగిన మేడమ్ లోపలి నుంచి వచ్చి, ముఖం మీద నీళ్ళు చల్లి, ఎవరికో ఫోన్లు చేసింది. అంబులెన్స్ రావడానికి పెద్దగా ఆలస్యం కాలేదు. వచ్చిన కుర్రవాడు నాడి పట్టుకుని, కంటి రెప్ప ఎత్తి చూసి, పెంటయ్య వైపు చూడకుండా మేడమ్ వైపు చూశాడు. పెంటయ్య ఏడవలేదు. పగలు ఎన్నడూ పడుకోదు, అలసిపోయిందనుకున్న అని కుర్రవాడికి చెప్పాడు. అంబులెన్స్‌లో ఎక్కించేటప్పుడు సంచి, ఫోన్, ఊడిపోయిన ఒక చెప్పు ఎవరో ఆయన చేతికి అందించారు. బండి తలుపు మూసుకుంది. గేటు దగ్గర మోపెడ్‌ను వాచ్‌మన్ గోడ పక్కకు జరిపి పెట్టాడు.

వరండా దీపాలు వేసేసరికి మెట్టు మీద ఎవరూ లేరు. కొరకని మజ్జిగ ప్యాకెట్ ఒకటి అక్కడే ఉంది. దాని చుట్టూ చేరిన తడి ఎప్పుడో ఆరిపోయింది, రాతి మీద మిగిలిన పగటి వేడికి అది మెల్లగా ఉబ్బుతోంది.